మాట వచ్చిన తొవ్వ

1968 నవంబరు 17, ఆదివారం. మధ్యాహ్నం

ఈయన రుద్రారం వెళ్లారు. ట్రైనింగ్ స్కూల్లో ఈయన దగ్గర ఫిట్టర్ పని నేర్చుకుంటున్న పోచయ్యకి ఇవాళ పెళ్లి. బస్సులో వెళ్లమంటే వినలేదు. సైకిలెక్కారు. చలికాలపు ఎండ ఒంటికి మంచిదట. వెళ్లే ముందు గుమ్మంలో నిలబడి, పెళ్లికొడుకుని ఏమని ఆశీర్వదించాలో నా మీద రిహార్సల్ వేశారు. ఈయనకి నోరు మూతపడదు. ఫ్యాక్టరీలో అందరూ అనే మాటే ఇది: నరసరాజు ఇన్‌స్ట్రక్టర్ క్లాసులో నిద్రపోయిన అప్రెంటిస్ లేడు, ఆ గోదావరి యాసకి నవ్వుకునైనా మేలుకుంటాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ప్రాణానికి హాయిగా ఉంది. కాసేపు పడుకుంటాను.

నవంబరు 24

హైదరాబాదు. పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

పెళ్లి భోజనం చేసి వస్తుంటే బొంబాయి రోడ్డు మీద కుక్క అడ్డం వచ్చిందట. సైకిలు పడింది. తల ఎడమవైపు కల్వర్టు రాయికి కొట్టుకుంది. కబురు తెలిసి పెళ్లికొడుకు పసుపుబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. లారీ ఆపి ఎక్కించాడు. ఆసుపత్రిలో నాకు ఎదురొచ్చినప్పుడు అతని నుదుట బాసికం ఇంకా ఉంది. ఎవరి పెళ్లో, ఎవరి చావో, ఒక్క క్షణం నాకేమీ తెలియలేదు.

ఆపరేషన్ చేసి, గడ్డకట్టిన రక్తం తీశారు. ఇంకా కళ్లు తెరవలేదు.

డిసెంబరు 1

తెరిచారు. నన్ను చూశారు. గుర్తుపట్టారు, ఆ సంగతి చూపులోనే తెలిసిపోయింది. నోరు తెరిచారు. "త...త...త" అని వచ్చింది. ఆ చప్పుడు విని ఆయనే భయపడిపోయారు.

డిసెంబరు 12

డాక్టరు ఇవాళ కూర్చోబెట్టి చెప్పారు. దెబ్బ తగిలింది మెదడులో మాటలుండే చోట. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. తెలివి ఎక్కడికీ పోలేదు. పడిపోయిన కుడిచెయ్యి కూడా కొంత వస్తుంది. కానీ అనుకున్నది నోటిదాకా రాదు.

ఆ చోటు మళ్లీ బతుకుతుందా అని అడిగాను. బతకదమ్మా అన్నారు. చచ్చిన చోటు చచ్చిందే. కానీ పక్కనున్న భాగాలు ఆ పని నేర్చుకోగలవు, కొందరిలో కుడివైపు కూడా నేర్చుకుంటుంది. పసిపిల్లవాడికి నేర్పినట్టు నేర్పాలి. మందు లేదు. రోజంతా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని మాట్లాడుతూనే ఉండాలి. మొదటి ఏడాదే ముఖ్యం.

ఏం మాట్లాడాలి అన్నాను. ఏదైనా, అన్నారు.

డిసెంబరు 29

ఇంటికి తెచ్చుకున్నాం. అత్తగారు భీమవరం నుంచి వచ్చారు. ఒక్కగానొక్క కొడుకు. పక్కన కూర్చుని వీపు నిమురుతారు గానీ మాట్లాడరు. మాట్లాడితే ఏడుపొస్తుంది ఆవిడకి.

క్లబ్బు స్నేహితులు వచ్చారు. చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచి మాట్లాడారు. ఈయన కళ్లజోడు కావాలనుకుని "కత్తెర" అన్నారు. అది కాదని తెలుసు. మళ్లీ "కత్తెర". మళ్లీ అదే. చేత్తో మంచం పట్టె మీద కొట్టారు. స్నేహితులు చెప్పులేసుకున్నారు.

వీళ్లు మళ్లీ రారు.

1969 జనవరి 6

నా సెలవు అయిపోయింది. టౌన్‌షిప్ స్కూల్లో రెండో తరగతి నాది. వెళ్లకపోతే ఆ ఉద్యోగం కూడా ఉండదు. ఈయన్ని మెడికల్ బోర్డు పాస్ చెయ్యకపోతే ఈ క్వార్టరే ఉండదు.

పగలు ఈయన దగ్గర ఉండడానికి పటేల్‌గూడ నుంచి ఆగమ్మ అనే ఆమెని పెట్టుకున్నాను. అరవై దాటి ఉంటాయి. మొగుడు లేడు, పిల్లలు లేరు. మరిది ఇంట్లో ఒక మూల ఉంటుంది. వంచిన నడుము, నోట్లో ఎప్పుడూ పొగాకు. డాక్టరు చెప్పింది చెప్పాను, మాట్లాడుతూ ఉండాలని. విచిత్రంగా చూసింది. "గదేం పనమ్మా? మాట్లాడొద్దంటెనే కష్టం నాకు" అంది.

జనవరి 23

సాయంత్రం స్కూలు నుంచి వస్తే వీధి చివరికే వినిపిస్తుంది ఆగమ్మ గొంతు. కథంతా ఒక్కటే. ఆమె మేకను యారాలు ఎంకమ్మ తన గుంజకి కట్టేసుకుంది. యారాలు అంటే తోడికోడలట. ఆ మేక ఎప్పుడు ఈనింది, పిల్ల ఎవరిది, పెద్దమనుషులు ఏం తీర్పు చెప్పారు, ఎంకమ్మ ఏం శాపనార్థాలు పెట్టింది. రోజూ మొదటినుంచి. ఈయన కన్నార్పకుండా వింటారు.

తర్వాత నా పాఠం. అట్టముక్కల మీద బొమ్మలు వేశాను. చెంబు, దీపం, పలక. "చెప్పండి, చెంబు." పెదవులు కూడదీసుకుంటారు. "తం... తంబు." "కాదు, చెం." ఇంకోసారి. ఇంకోసారి. నాలుగో అట్ట వచ్చేసరికి మొహం గోడవైపు తిప్పేసుకుంటారు.

వారాల పేర్లు మాత్రం వస్తాయి. కానీ గురువారం అనాలంటే ఆదివారం నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టు దిగి రావాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఆదివారం.

ఫిబ్రవరి 2, ఆదివారం

మాట వచ్చింది!

వంటింట్లో ఉన్నాను. ఆదివారమైనా ఆగమ్మ వచ్చి కూర్చుంది. అత్తగారు పూజలో ఉన్నారు. వెనకనుంచి ఈయన గొంతు. తడబడుతూ, కానీ పూర్తిగా.

"జెర నీళ్లియ్యి."

గ్లాసు పట్టుకుని వెళ్లాను. తాగారు. నన్ను చూసి నవ్వారు. ఆగమ్మ చప్పట్లు కొట్టింది. "సూడు, సూడు, నా బిడ్డ నోరిప్పిండు!" అత్తగారు హారతి పళ్లెంతోనే పరుగెత్తుకొచ్చి మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నారు.

అత్తగారు ఆనందంతో ఏడ్చారు. కళ్లు తుడుచుకుని నన్ను అడిగారు, జెర అంటే ఏంటే కమలా, అని.

ఫిబ్రవరి 3

కొంచెం అని అనిపించాలని గంటసేపు ప్రయత్నించాను. రాలేదు.

మార్చి 11

రోజుకో మాట వస్తోంది. ఒక్కోరోజు పది. వచ్చినవన్నీ ఆగమ్మవే. ఏంది, గట్ల, ఇగ, మంచిగ, పరేషాన్. దీర్ఘాలు తీసే పద్ధతి కూడా ఆమెదే. ఇరవై ఏళ్ల వయసు దాకా గోదావరి గట్టున పెరిగిన మనిషి. పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లూ నా చెవుల్లో మోగిన ఆ గొంతు, ఆ "ఏంటండోయ్", ఆ సాగదీత, ఒక్క ముక్క రావడం లేదు. డాక్టరుకి చెప్తే సంతోషించారు. మెదడు ఎదురుగా దొరికినదాన్ని పట్టుకుంటుంది, యాస ఏదైతేనేం, మాట వచ్చింది చూడండి అన్నారు. నిజమే. నాకు తెలుసు నిజమేనని.

ఇవాళ జరిగింది రాయాలి.

ఆగమ్మ వెళ్లబోతుంటే ఈయన చెయ్యి పట్టుకుని అడిగారు. "అవ్వా, రేపొస్తవా?" అత్తగారు నవ్వారు. ముసలమ్మని అవ్వా అంటున్నాడు పాపం, అన్నారు. ఆగమ్మకి ఆ మాటలో ముల్లేమీ కనిపించలేదు. సంబరంగా చెప్పింది. "అవ్వంటె మా దిక్కు ముసల్ది గాదమ్మా. తల్లి. కన్నతల్లిని అవ్వ అంటం."

అత్తగారు లోపలికి వెళ్లి పెట్టె సర్దుకున్నారు. ఎందుకత్తయ్యా అంటే, వాడికి బాగానే ఉందిగా, ఇంటి దగ్గర చేను చూసుకునేవాళ్లు లేరు, అన్నారు.

మార్చి 13

సికింద్రాబాదులో రైలెక్కించాను. కిటికీలోంచి ఒకటే అన్నారు. "వాడు నన్ను అమ్మా అని పిలిచి నాలుగు నెలలయిందే. ఇంక పిలవడేమో."

పిలుస్తారండీ అన్నాను.

ఏప్రిల్ 18

మెడికల్ బోర్డు.

నన్ను కూడా లోపలికి రానిచ్చారు. ముగ్గురు పెద్ద డాక్టర్లు. పెద్దాయన చాలా మంచివాడు. లేచి నిలబడి, రండి నరసరాజుగారూ అన్నారు. ఈయన కూడా మర్యాదగా అన్నాననుకుని, "నువ్వు కూసో" అన్నారు. ఒకాయనకి నవ్వాగలేదు. దగ్గుతో కప్పుకున్నాడు.

ఇనుప ముక్కని బిగించి పట్టే వైస్ పటం చూపించి దాని భాగాలు చెప్పమన్నారు. ఈ మనిషి ఎన్ని వందలమందికి చెప్పిన పాఠం అది. వేలితో తప్పు లేకుండా చూపించారు. పేర్లు రాలేదు. స్క్రూ దగ్గర ఆగి, "గిది... గిది తిప్పుతె గది జరుగుతది" అన్నారు. చెమటలు పట్టాయి. ఆఖరికి పెద్దాయన చేతులు పట్టుకుని, "నువ్వు జెర నిమ్మలంగ అడుగు సారూ, నాకెరుకే, నాకన్నీ ఎరుకే" అన్నారు.

అప్పుడెవరూ నవ్వలేదు.

ఉద్యోగం ఉంచారు. ఇన్‌స్ట్రక్టర్‌గా కాదు. టూల్ స్టోర్స్‌లో. వర్కర్లు బిళ్ల ఇస్తే పనిముట్టు తీసి ఇవ్వాలి. సాయంత్రం అది తిరిగొస్తే బిళ్ల తిరిగి ఇచ్చెయ్యాలి. మాటలతో పని లేదు.

క్వార్టరు ఉంటుంది. అందుకు దేవుడికి దణ్ణం పెట్టాను. తర్వాత స్నానాలగదిలో కూర్చుని చాలాసేపు బయటికి రాలేదు.

జూన్ 9

హైదరాబాదు డాక్టరుకి చూపించుకోవడానికి వెళ్లి వచ్చాం. ఎక్కడ చూసినా గొడవలు. ప్రత్యేక తెలంగాణ కావాలని బందులు. మా లైన్లో ఆంధ్రావాళ్లు కొందరు పిల్లల్ని ఊళ్లకి పంపించేశారు. మా పక్కింటి కౌసల్యమ్మ బయల్దేరేముందే హెచ్చరించింది, బస్సులో నోరెత్తకు అని.

పటాన్‌చెరు దగ్గర బస్సు ఆపారు. కాలేజీ కుర్రాళ్లు. ఒకడు ఎక్కి ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడు. ఏ ఊరు, ఎక్కడికి. మాటని బట్టి పోల్చుకుంటున్నారు. మా ముందు సీటతన్ని దింపేశారు. నా దగ్గరికి వచ్చి ఏ ఊరమ్మా అన్నాడు.

ఈయన నా చెయ్యి మీద చెయ్యి వేసి చెప్పారు. "పటేల్‌గూడ బిడ్డా. దవాకానకెల్లి వస్తున్నం. నాకు పానం మంచిగలేదు. జెర జల్దీ పోనియ్యున్రి."

ఆ కుర్రాడు తల మీది మచ్చ చూశాడు. మనోళ్లేరా అని కిందికి చెప్పి దిగిపోయాడు.

తప్పించుకున్నాం. ఈయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తను అబద్ధం చెప్పినట్టు కూడా అనుకోవడం లేదు. ఈయన మనోళ్లయ్యారు. నేను ఎవరి మనిషిని?

జూన్ 10

నిన్న రాసింది చదువుకుంటే సిగ్గేసింది. ప్రాణాలతో ఇంటికొచ్చాం. అంతే చాలు.

అక్టోబరు 16

టెలిగ్రాం. అత్తగారు పోయారు.

అక్టోబరు 30

తిరిగొచ్చాం. రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఊరంతా ఉంది. బాబాయిలు, మేనత్తలు, ఈయనతో కలిసి చదువుకున్నవాళ్లు. అందరూ లేచి దారి ఇచ్చారు. ఈయన తల్లి కాళ్ల దగ్గర నిలబడి అడిగారు. గొంతు గట్టిగానే ఉంది.

"అవ్వ ఎప్పుడు సచ్చిపోయింది?"

కన్నతల్లిని ముసల్దాన్ని అన్నట్టు, సచ్చిపోయింది అని కుక్కనన్నట్టు అన్నాడని వాళ్ల చెవికి వినిపించింది. నేను చెప్పబోయాను, అక్కడ అలాగే అంటారని, అది ప్రేమ మాటేనని. ఎవరు వింటారు? వెనకనుంచి ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్ద మేనత్త నెత్తి కొట్టుకుని ఏడ్చింది. మా వాడేడిరా, ఈ పరాయివాడెవడ్రా, అని.

ఈయనకి అంతా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది.

తలకొరివి పెట్టారు. పురోహితుడు చెప్పిన గోత్రం, పేర్లు తిరిగి చెప్పలేకపోయారు. అసలు పెదవే కదపలేదు. పెద్దబాబాయి చెప్పాడు. పన్నెండో రోజు దాకా అంతే. ఒక్క మాట లేదు. ఒక్క కన్నీటి చుక్క లేదు. ఆ ఊరి పిల్లలు మాత్రం ఎప్పుడు చూసినా "సచ్చిపోయింది" ఆట ఆడుతూనే ఉన్నారు.

నవంబరు 21

ఇంకా మాట్లాడడం లేదు. డ్యూటీకి వెళ్తారు, వస్తారు. డాక్టరు పరీక్ష చేసి, కొత్తగా దెబ్బేమీ లేదు, వచ్చిన మాట పోలేదు, ఆయనే దాచేసుకున్నారు అన్నారు. ఇలాంటిదానికి నా దగ్గర ఏముంటుందమ్మా అన్నారు.

ఆగమ్మ ఇప్పుడు సాయంత్రాలు వస్తోంది. రమ్మనలేదు. తిడుతుంది. "నోరు తుప్పు వడ్తది బిడ్డా, నాలుగు మాట్లాడు." ఉలకరు. ఆమె ఆగుతుందా? ఎంకమ్మ మేక మళ్లీ ఈనింది.

డిసెంబరు 14

దాదాపు రెండు నెలల తర్వాత మొదటి మాట. నాతోనే.

"కమలా, గా మాట నేర్పు." ఏ మాట అన్నాను. "మా ఊరి మాట."

అట్టముక్కలు అవసరం లేదు ఇప్పుడు. ఎదురుగా కూర్చుని, చనిపోయారు అనండి అన్నాను. "సనిపోయిన్రు." చనిపోయారు. "సనిపోయిన్రు." మధ్యాహ్నమంతా ఇద్దరం అదొక్క మాటే. ఒకసారి సరిగ్గా వచ్చింది. కానీ ఆ మాట ఆయనది కాదు. కొలిచి, తూచి, భయపడుతూ పెట్టిన మాట. రెండో తరగతి పిల్లలు ఇన్‌స్పెక్టరు ముందు అప్పజెప్పినట్టు ఉంది.

ఇంక చాలండీ అన్నాను. మీరు ఎలా మాట్లాడితే అలాగే మాట్లాడండి. నా దగ్గర మాత్రం మాట్లాడండి.

తల ఊపారు. "గట్లనే" అన్నారు.

1970 మే 22

ఆగమ్మ పోయింది.

వడదెబ్బ. నిన్న మధ్యాహ్నం మేకలు తోలుకుని వెళ్లి చేలోనే పడిపోయిందట. మనుషులు చూసేసరికి అయిపోయింది. పొద్దున్నే పోచయ్య వచ్చి చెప్పాడు. పటేల్‌గూడ అతని అత్తగారి ఊరు. ఈయన చొక్కా కూడా సరిగ్గా వేసుకోకుండా బయల్దేరారు. వెనకే నేను. ఎండలో పొలాల మీదుగా నడిచాం. కౌసల్యమ్మ గేటు దగ్గర ఆపబోయింది, రాజుల ఇంటివాళ్లు ఊరికి ఎడంగా ఉన్న ఆ వాడలోకి ఎలా వెళ్తారని. ఈయన ఆవిడని దాటుకుని వెళ్లిపోయారు.

గుడిసె ముందు నేల మీద పడుకోబెట్టారు. ఇంత చిన్న మనిషా అనిపించింది. అంత నోరున్న మనిషి. చుట్టూ ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది యారాలు ఎంకమ్మేనట. మమ్మల్ని చూసి అందరూ తగ్గి నిలబడ్డారు. ఎంకమ్మ లేచి, రా బిడ్డా, నీ సంగతి రోజు చెప్పేది, అని తల దగ్గర చోటిచ్చింది.

ఈయన మట్టిలో కూలబడ్డారు. ఆగమ్మ మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా పట్టదు. మొదలుపెట్టారు.

"అవ్వా... నాకు నోరిచ్చినవ్, నువ్వు నోరు మూసుకుంటివా అవ్వా... నా అసుంటి మూగోన్ని ముంగట కూసోవెట్టుకోని ఎన్ని చెప్తివి... మా అవ్వ సచ్చిపోతె నా నోరు లేవలే అవ్వా... అందరు నవ్విన్రు... ఒక్క మాట అనకపోతి మా అవ్వను... నువ్వు ఆడికి పోతున్నవ్ గదా, నువ్వు చెప్పు... నీ కొడుకు ఏడ్సిండని చెప్పు... గట్టిగ చెప్పు అవ్వా, ఆమెకు మన మాట తెల్వది..."

ఎక్కడా తడబడలేదు. ఒక్క మాట కోసం వెతుక్కోలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆయన అందించినచోట అందుకుని ఏడ్చారు. ఎవరూ వింతగా చూడలేదు. ఏ కొడుకైనా ఏడ్చినట్టే ఉంది వాళ్లకి.

నేను వెనక నిలబడి విన్నాను. వింటూ అనుకున్నాను, అత్తగారు ఇది వినలేదే అని. విన్నా ఆవిడకి సగం అర్థమయ్యేది కాదే అని.

పాడె ఒక కొమ్ము ఎడమ భుజాన పెట్టుకుని మోశారు. దారిలో పోచయ్య మార్చుకుంటానంటే ఇవ్వలేదు.

మే 23

క్వార్టర్స్‌లో ఆ పాడె మోసినందుకు మాతో ఎవరూ మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే పోనీ.

జూన్ 28

వాన పడి వెలిసింది. గోడ మీద ఏదో పిట్ట వచ్చి వాలింది. బూడిదరంగు, తోక కింద ఎర్రగా. దీన్ని ఏమంటరు అని అడిగారు. నాకు తెలియదన్నాను. మీ ఊళ్లో ఏమనేవారో గుర్తుందా అంటే తల అడ్డంగా ఊపారు.

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"అవ్వకెరుక" అన్నారు.

పిట్ట ఎగిరిపోయింది.